పదకొండో తాంబూలం

ఈల

నేను చరిత్రలో బీఏ చదివాను. అందువల్ల నాకు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు ఉద్యోగం దొరికింది. మధ్యలో మద్రాసులో వ్యాయామ శిక్షణ కూడా అయిందనుకోండి. అక్కడ మాకు నేర్పినవి రెండు: ఈల ఊదడం, ఎవరూ వినకపోతే మళ్లీ ఊదడం. సర్వీసంతా ఆ రెండో పాఠమే ఎక్కువగా పనికొచ్చింది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పిల్లలతో బంతి ఎట్లా పట్టించాలి, పరుగు పందేనికి ఎట్లా తయారు చేయాలి అని అడుగుతారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, నాకంటే తెలిసినవాళ్లు రాశారు. పుస్తకాల్లో లేనిది ఒకటుంది. మీరు ఏ ఊరికి పోయినా, ఏడాది తిరగకముందే ఆ ఊరి పెద్దలు మిమ్మల్ని ఏదో ఒక జట్టు ఎంపిక కమిటీలో కూచోబెడతారు. వచ్చినవాళ్లలో పదకొండు మందిని తీయమంటారు. తీయడం సులువే, మిగిలినవాళ్ల ముఖాలు చూడటమే ఉద్యోగం. ఇక ఆ పదకొండు మందికి ఉన్న పెద్దను దింపి ఇంకొకరిని పెట్టాల్సి వస్తే, ఆ వారం మీకు అన్నం సయించదు. నా అనుభవంలో అట్లాంటి వారాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిదాని గురించే ఇది.

నేను చేరింది 1953లో, కర్నూలు రాజధాని అయిన ఏడు. మద్రాసు నుంచి ఫైళ్లతోపాటు గుమాస్తాలు దిగారు. గుమాస్తాలతోపాటు తెల్ల ప్యాంట్లు, బ్యాట్లు దిగాయి. వాళ్లు కర్నూల్లో ఒక క్రికెట్టు జట్టు కట్టి చుట్టుపక్కల ఊళ్లను ఓడించడం మొదలుపెట్టారు. ఓడిపోవడానికైనా ఒక జట్టు ఉండాలి కదా. నంద్యాల, ఆళ్లగడ్డ కలిసి ఒకటి పెట్టుకున్నాయి. ఈల ఉంది కాబట్టి నన్ను దానికి కార్యదర్శిని చేశారు.

ఆకు, వక్క

కమిటీ అధ్యక్షులు రామసుబ్బయ్య శెట్టి గారు. నంద్యాలలో ఆయనకు బియ్యం మిల్లు ఉండేది. ఆయన బ్యాటు పట్టుకున్నది ఒక్కసారే. తిప్పి తిప్పి చూసి, ఇంత మంచి కట్టె దీనికి దండగ చేశారేమని అడిగారు. అయినా మంచి అధ్యక్షులు. మ్యాచి రోజు అందరికీ భోజనం పెట్టేవారు, ఆట మీద అభిప్రాయం చెప్పేవారు కాదు. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఉన్న అధ్యక్షుణ్ణి నేను మళ్లీ చూడలేదు.

మొదటి ఏడు ఎంపికలో మేం ఒకతన్ని తీసుకున్నాం. కారణం, మా అందరిలో సొంత ప్యాడ్లు ఉన్నది అతనికే. మొదట దిగాడు. మొదటి బంతికే అవుటయ్యాడు. అంపైరు మీద అలిగి, ప్యాడ్లు విప్పకుండానే తిన్నగా ఇంటికి నడిచిపోయాడు. తక్కినవాళ్లు ఉత్త కాళ్లతో ఆడారు. వస్తువును చూసి మనిషిని తీసుకోవద్దని నాకు అప్పుడు తెలిసింది. తర్వాత చాలా కమిటీలకు చెప్పాను. వస్తువు పెద్దదైతే ఎవరూ వినేవారు కాదు.

మా జట్టులో ఒక పద్ధతి ఉండేది. ఇంకెక్కడా చూడలేదు. సీజను మొదట్లో అధ్యక్షులు మిల్లు వరండాలో కెప్టెనుకు తాంబూలం ఇస్తారు. తమలపాకులు, వక్క, అంతే. మ్యాచికి ముందు సాయంత్రం అదే వరండాలో ఆటగాళ్లంతా చాప మీద వరసగా కూచుంటారు. కెప్టెను పళ్లెం పట్టుకుని వచ్చి, తాను ఆడించదలచిన పదిమందికీ ఒక్కొక్కరికి తాంబూలం ఇస్తాడు. అందుకున్నవాడు జట్టులో ఉన్నట్టు. కాగితం లేదు, సంతకం లేదు. పెళ్లి మాటలప్పుడు ఎట్లాగో ఇక్కడా అట్లాగే, ఒకసారి ఇచ్చిన తాంబూలం వెనక్కి తీసుకోవడం ఉండదు. ఇచ్చిన ఆకును కాదంటే తీసుకున్నవాడికే కాదు, వాళ్ల ఇంటికీ అవమానం.

బయటివాళ్లకు ఇది వింతగా ఉండేది. నాకు మాత్రం నచ్చేది. గోడ మీద కాగితం అంటించి పక్కకు తప్పుకోవడం కెప్టెనుకు కుదరదు. ఎవరిని వదిలేస్తున్నాడో వాళ్ల ఎదుటే, ఖాళీ చేతుల ముందు నుంచే నడిచి పోవాలి.

ఓబుల రెడ్డి

జట్టు పెట్టిన రోజు నుంచీ కెప్టెను ఓబుల రెడ్డి. ఆళ్లగడ్డ పక్క పల్లెలో తాతల నాటి భూములున్న ఇల్లు. మద్రాసు కాలేజీలో చదువుతుండగా క్రికెట్టు నేర్చాడు. తండ్రి పోవడంతో చదువు అక్కడే వదిలి వచ్చి సేద్యంలో పడ్డాడు. నేను చూసేనాటికే నలభై దాటిన మనిషి. బ్యాటింగు మోస్తరు, బౌలింగు అంతకంటే మోస్తరు. కానీ అంత మంచి కెప్టెనును నేను ఇప్పటికీ చూడలేదు. దేశపు జట్టును కూడా కలుపుకునే చెబుతున్నాను.

ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతాను. మద్దిలేటి అని ఆళ్లగడ్డ కుర్రవాడు. ఏడో స్థానంలో దిగేవాడు. ఒక మ్యాచికి ఒకటి రెండు రోజుల ముందు వాళ్ల ఎద్దు చచ్చిపోయింది. ఓబుల రెడ్డి ఆ రోజు మద్దిలేటిని మొదట దిగమన్నాడు. నేను కార్యదర్శి హోదాలో వెళ్లి, ఇదేం క్రమమని అడిగాను.

"ఆడ కూచోబెడితే వానికి ఎద్దే కనపడతాంటాది సారూ. ముందు పోనీ. బంతి కనపడతాది," అన్నాడు.

మద్దిలేటి ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆడాడు. గెలిచామా అంటే లేదు. కానీ వాళ్ల నాయన వచ్చి గట్టు మీద కూచుని, కొడుకు కొట్టిన ప్రతి బంతికీ తల ఊపుతూ సాయంత్రం దాకా కదల్లేదు.

ఆయన శిష్యుడు సుబ్బరాయుడు. అధ్యక్షుల మాదిరే శెట్ల ఇల్లు, నంద్యాల బజారులో వాళ్లకు గుడ్డల అంగడి. గజం బద్ద పట్టుకుని నిలబడితే ఎంత నిదానమో, మైదానంలోనూ అంతే నిదానం. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ఓబుల రెడ్డే అతనికి ఆట నేర్పాడు. అందుకే అతను ఏం చెప్పినా చివర "అన్నా" అని ఉండేది, "అన్నా" తప్ప వేరే ఏమీ లేని మాటలు కూడా చాలా ఉండేవి.

పక్కవాడి క్యాచ్‌లు

1957లో అనుకుంటాను, ఓబుల రెడ్డి కళ్లకు పొర కమ్మడం మొదలైంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎండ ఏటవాలుగా పడేవేళ బంతి ఆయనకు కనిపించేది కాదు. బ్యాటు పట్టుకున్నప్పుడు శబ్దాన్ని బట్టి ఆడేవాడు. మేం పిచ్‌గా పరుచుకునే కొబ్బరి పీచు చాప మీద బంతి పడితే కాస్త శబ్దం వస్తుంది కాబట్టి కొన్నాళ్లు నడిచింది.

ఫీల్డింగులో ఆయన చోటు మొదటి స్లిప్. కీపరు పక్కన నిలబడే పెద్దవాళ్ల చోటు అది, పరుగెత్తే పని తక్కువ. ఆ పక్కనే రెండో స్లిప్‌లో సుబ్బరాయుడు. ఆ ఏడు నుంచి సుబ్బరాయుడు తనకొచ్చిన క్యాచ్‌లతోపాటు ఓబుల రెడ్డికి వచ్చిన క్యాచ్‌లు కూడా అడ్డంగా దూకి పట్టడం మొదలుపెట్టాడు. చూసేవాళ్లకు అది అత్యాశగా కనిపించేది. రాజధాని హైదరాబాదుకు పోయినా కర్నూల్లోనే ఉండిపోయిన గుమాస్తా ఒకడు వాళ్ల జట్టుకు కెప్టెను. అతను ఒకసారి మా గుడారంలో అందరూ వినేట్టు అన్నాడు, మీ శెట్టి అంగట్లోనే అనుకున్నాను, ఆటలో కూడా పక్కవాడిది లాక్కుంటాడే అని. అందరూ నవ్వారు. ఓబుల రెడ్డి కూడా నవ్వాడు. సుబ్బరాయుడు తల వంచుకుని బూట్ల తాళ్లు కట్టుకున్నాడు. అవి అప్పటికే కట్టి ఉన్నాయి.

జట్టులో అందరికీ తెలుసు. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. బంతి ఆయన వైపు పోతే పక్కవాడు మెల్లగా "ఎడమకు, అన్నా" అనేవాడు. పరుగు తీయాల్సి వస్తే అవతలివాడు గట్టిగా కేకేసేవాడు. బయటి నుంచి చూస్తే మాది మంచి ఉత్సాహం ఉన్న జట్టు అనిపించేది.

కొర్రన్నం

1958 వానలు తగ్గాక రామసుబ్బయ్య శెట్టి గారు నన్ను మిల్లుకు పిలిపించారు. ఈ సీజనుకు కెప్టెనుగా సుబ్బరాయుణ్ణి పెడదామన్నారు. తనవాడని పెట్టుకున్నాడంటారేమోనన్న భయం ఆయనకు ఉంది. ఆళ్లగడ్డ వాళ్లు కోపంతో వేరే జట్టు పెట్టుకుంటే ఉన్నది రెండుగా చీలిపోతుందన్న భయం అంతకంటే ఎక్కువ. కాబట్టి ఓబుల రెడ్డి తనంతట తాను దిగిపోతే బాగుంటుందనీ, ఆ మాట చదువుకున్నవాణ్ణి కాబట్టి నేనే వెళ్లి నచ్చజెప్పాలనీ అన్నారు. చదువుకు ఇట్లాంటి ఉపయోగం ఉంటుందని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున బస్సెక్కి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరాను. అక్కడి నుంచి వాళ్ల పల్లెకు ఎడ్లబండి. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఓబుల రెడ్డి గుమ్మంలోనే చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. ఈ ఏడు ఎవరెవరిని ఎక్కడ ఆడించాలో చెప్పడం మొదలుపెట్టాడు. గడివేముల నుంచి పుల్లయ్య అని కొత్తవాడు వస్తున్నాడట, చేతులు మంచివట. మద్దిలేటికి ఇంక ఏడో స్థానం వద్దట. సుబ్బరాయుడి గురించి చెబుతూ, "వానికి అన్నీ తెలుసు సారూ. తెలుసని వానికి తెలీదు," అన్నాడు. అంత చక్కటి ఎంపిక వాదన నేను ఏ కమిటీలోనూ వినలేదు. నేను కూర్చుకొచ్చిన మాటలు పక్కన పెట్టి, పుల్లయ్య ఏ చేత్తో ఆడతాడని అడిగాను.

ఆయన భార్య లక్ష్మమ్మ గారు కొర్రన్నం, ఎండు చింతచిగురు పప్పు పెట్టారు. ఓబుల రెడ్డి చేయి కడుక్కోవడానికి పెరట్లోకి పోయినప్పుడు ఆమె గిన్నె పట్టుకుని నా పక్కన నిలబడ్డారు.

"ఏం చెప్పల్లని వచ్చినావో నాకు తెలుసులే అయ్యవారూ," అన్నారు మెల్లగా.

నేను అన్నం కలుపుతున్నాను.

"చెప్పలేవు. నేనూ చెప్పలేకనే ఉండా. రాత్రిపూట ఆయన తట్టుకోకుండా గడప కాడ దీపం పెడతాండా, పురుగూ పుట్రా వస్తాదని ఏదో ఒకటి చెప్తాండా. ఆయనా అడగడు. ఇంగొంచెం పప్పు ఏస్తా."

వేశారు. తిన్నాను. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను.

ఇద్దరు

నావల్ల కాలేదని చెబితే శెట్టి గారు నన్ను జాలిగా చూశారు. ఇట్లాంటివి వ్యాపారస్తులే చేయాలి, చదువుకున్నవాళ్లు నాన్చుతారు అన్నారు. మరునాడు పొద్దున సుబ్బరాయుణ్ణి అంగడి నుంచి పిలిపించి, కెప్టెను తాంబూలం చేతిలో పెట్టేశారు. అతను వద్దని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడట. పెద్దవాళ్లు ఇస్తుంటే వద్దనకూడదని వాళ్ల నాయనను కూడా పిలిపించి మరీ ఇప్పించారు.

అదే రోజు మధ్యాహ్నం ఓబుల రెడ్డి మిల్లుకు వచ్చాడు. ఏటా వచ్చే వేళకే వచ్చాడు. ఏటా కూచునే చోటే కూచున్నాడు. ఎండలో వచ్చినందుకు మజ్జిగ తాగాడు. తర్వాత, ఇది నాకు శెట్టి గారే చెప్పారు, ఆయన తన ప్రమేయం లేకుండానే పళ్లెం తెప్పించి ఓబుల రెడ్డికి కూడా కెప్టెను తాంబూలం ఇచ్చేశారు.

"ఎదురుగా కూచొని నవ్వుతాండాడు మాస్టరూ. ఎట్ల చెప్పేది?" అన్నారు నాతో.

ఇచ్చిన ఆకు వెనక్కి రాదు. కాబట్టి మా జట్టుకు ఇద్దరు కెప్టెన్లయ్యారు. సుబ్బరాయుడు సంగతి ఓబుల రెడ్డికి ఎవరూ చెప్పలేదు. సుబ్బరాయుడు తన తాంబూలం గురించి నోరు మెదపలేదు. ఎవరు ముందు బయటపెట్టాలా అని ఊరంతా ఎదురుచూస్తూ కూచుంది.

ఆ చలికాలమే వెస్టిండీస్ వాళ్లు మన దేశానికి ఆడటానికొచ్చారు. మన జట్టు ఒక్క సిరీస్‌లో నలుగురు కెప్టెన్ల చేతులు మారింది. రోజూ పేపర్లో అదే. ఒకరోజు రామసుబ్బయ్య శెట్టి గారు పేపరు మడిచి, ప్రాణం లేచొచ్చినట్టు నాతో అన్నారు, అంత పెద్ద కమిటీకే నలుగురు పట్టినారు, మనకు ఇద్దరే కదా అని. ఆ కమిటీ సంగతి నాకు తెలియదు. వాళ్లకు వాళ్ల కారణాలు ఉండి ఉంటాయి. కానీ పేపరు చదువుతుంటే నాకు పెద్ద పెద్ద గదుల్లో టై కట్టుకున్న శెట్టి గార్లు కనిపించేవారు. దిగమని చెప్పలేక ఇంకొకరిని ఎక్కించడం, ఎక్కించి సర్దుబాటు చేయలేక మరొకరిని వెతకడం. దూరం నుంచి చూస్తే అది నాయకత్వ సమస్యలా కనిపిస్తుంది. దగ్గరికి పోతే ఎవరో ఒకరు మజ్జిగ తాగుతూ ఎదురుగా కూచుని ఉంటారు.

గొంతు

కర్నూలు జట్టు నంద్యాలకు వచ్చింది. ముందురోజు సాయంత్రం పళ్లెం ఎప్పటిలాగే ఓబుల రెడ్డే పట్టుకున్నాడు, సుబ్బరాయుడు చాప మీద కూచుని తనది అందుకున్నాడు. టాసుకు ఓబుల రెడ్డి నడిచాడు. సుబ్బరాయుడు వెనక ఉండిపోయాడు. తాంబూలాల సంగతి ఎట్లా తెలిసిందో గాని గుమాస్తా కెప్టెను, "మీ రెండోవారు రారా?" అని అడిగాడు. ఓబుల రెడ్డికి అర్థం కాలేదు. వేళాకోళమేమోనని నవ్వి నాణెం ఎగరేశాడు.

మేం ఫీల్డింగు చేశాం. మధ్యాహ్నం దాకా బాగానే నడిచింది. మాది నల్లరేగడి నేల, వానలు పోతే నెర్రెలు విచ్చుతుంది. మద్దిలేటి ఒక బంతి వెనక పరుగెత్తి నెర్రెలో కాలు పడి మడమ తిప్పుకున్నాడు. ఇద్దరు చెరో పక్క పట్టుకుని అతన్ని బయటికి తెచ్చారు. అతని చోటికి గడివేముల పుల్లయ్య పోయాడు. ఆ సమయంలో ఓబుల రెడ్డి అటువైపే తిరిగి నిలబడి ఉన్నాడు. అందరూ ఆయన చూస్తున్నాడనే అనుకున్నారు.

కాసేపటికి ఆయన స్లిప్ నుంచి కేకేశాడు.

"మద్దిలేటీ, రెండడుగులు ముందుకు రా."

మైదానంలో ఎవరూ కదల్లేదు. సుబ్బరాయుడు ఆయన వెనక నుంచి పుల్లయ్యకు చేత్తో సైగ చేశాడు. పుల్లయ్య రెండడుగులు ముందుకొచ్చి, "సరేనన్నా," అన్నాడు.

అది మద్దిలేటి గొంతు కాదు. ఓబుల రెడ్డి ఆ కుర్రవాణ్ణి చిన్నప్పటి నుంచీ ఎరుగును. ఆయన తల కొంచెం పక్కకు తిప్పాడు, వినేటప్పుడు తిప్పినట్టు. అంతే. బౌలరు పరుగెత్తుకొచ్చి బంతి వేశాడు. ఆ తర్వాత టీ విరామం దాకా ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు.

టీకి అందరూ గుడారంలోకి వచ్చారు. ఆయన గ్లాసు పట్టుకుని నా దగ్గరికొచ్చి బల్ల మీద కూచున్నాడు.

"మద్దిలేటి యాడ సారూ?"

చెప్పాను.

"ఎప్పటి నించి?"

మడమ సంగతి అనుకుని, ఇందాకే అన్నాను.

"అది కాదప్పా. ఈళ్లంతా నాకు కండ్లయింది ఎప్పటి నించి?"

నేను టీ చల్లారిందేమోనని చూసుకున్నాను. ఆయన నా భుజం తట్టి లేచాడు. కోపం వస్తే బాగుండేదనిపించింది. ఆయన మిగిలిన ఆట అంతా స్లిప్‌లోనే నిలబడ్డాడు. ఒక క్యాచ్ ఆయన వైపే వచ్చింది. సుబ్బరాయుడు ఎప్పటిలాగే దూకి పట్టాడు. ఆయన ఆ కుర్రవాడి తల మీద చేయి వేసి, వెంటనే తీయలేదు. మేం ఓడిపోయాం.

పళ్లెం

తిరుగు మ్యాచి కర్నూల్లో. ముందురోజు సాయంత్రం మిల్లు వరండాలో అందరం చేరాం. ఓబుల రెడ్డి రాడనే అనుకున్నాం. ఆళ్లగడ్డ వాళ్లు మాత్రం వచ్చి ఒక పక్కగా ముఖాలు ముడుచుకుని కూచున్నారు. సుబ్బరాయుడి తాంబూలం సంగతి అప్పటికి వాళ్లకూ తెలిసింది. మద్దిలేటి ఇంకా కాస్త కుంటుతూ వచ్చి, రెడ్డన్న లేకపోతే మేం ఐదుగురం ఈ చాప మీద నుంచి లేచిపోతామని నాకు ముందే చెప్పాడు. ఆ రోజు పొద్దు మునిగేలోపు జట్టు ఉంటుందో ఉండదో తేలుతుందని నాకు అర్థమైంది.

ఆళ్లగడ్డ బస్సు వచ్చింది. ఓబుల రెడ్డి దిగి, గోడ పట్టుకుని మెట్లెక్కాడు. తిన్నగా పళ్లెం దగ్గరికొచ్చి, ఒక తాంబూలం తీసి సుబ్బరాయుడి చేతిలో పెట్టాడు.

"శెట్టిగారు నీకు ఇచ్చినారంట కదప్పా. అది ఆయన ఇచ్చింది. ఇది నేనిస్తాండా."

తర్వాత పళ్లెం కూడా అతనికే ఇచ్చి, ఆయన వెళ్లి చాప మీద ఆటగాళ్ల వరసలో కూచున్నాడు. మఠం వేసుకుని, అందరిలాగే రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని. ఇది ఎవరూ అనుకోలేదు. కెప్టెన్సీ ఇచ్చేశాడు, కానీ ఇంటికి పోలేదు. ఎంపికకు కూచున్నాడు.

రామసుబ్బయ్య శెట్టి గారు నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను. మంచి పైకప్పు.

సుబ్బరాయుడు పళ్లెం పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. మద్దిలేటికి ఇచ్చాడు, కాలు తగ్గిందా అని అడిగి మరీ ఇచ్చాడు. తక్కిన ఆళ్లగడ్డ వాళ్లకు ఇచ్చాడు. నంద్యాల వాళ్లకు ఇచ్చాడు. పళ్లెంలో ఒక్క తాంబూలం మిగిలింది, సుబ్బరాయుడికి ఇచ్చినదానితో కలిపి పదకొండోది. ఖాళీ చేతులతో ఉన్నవాళ్లలో ఇద్దరే ఆ చోటికి సరిపోయేవాళ్లు. ఒకరు గడివేముల పుల్లయ్య, ఒకరు ఓబుల రెడ్డి.

అతను ఓబుల రెడ్డి ముందు ఆగాడు.

"అన్నా," అన్నాడు.

ఓబుల రెడ్డి తలెత్తలేదు. "చెప్పు కెప్టెనూ," అన్నాడు.

సుబ్బరాయుడు అడుగు పక్కకు వేసి, ఆ తాంబూలం పుల్లయ్య చేతిలో పెట్టాడు.

మద్దిలేటి కుంటికాలితోనే సగం లేచాడు. ఆళ్లగడ్డ పక్క చాప కదిలింది. అప్పుడు ఓబుల రెడ్డి, కూచున్న చోటు నుంచే, చేయి చాపి మద్దిలేటి పంచె పట్టుకుని కిందికి లాగాడు.

"కూచోరా. నాకు ఇచ్చింటే పళ్లెం ఎనక్కి తీసుకోవల్లనే వచ్చినా నేను. పొద్దున్నించి అదే భయం. ఈడు యాడ ఇస్తాడో, యాడ చెడిపోతాడో అని." తర్వాత సుబ్బరాయుడి అడుగుల చప్పుడు వినపడిన వైపు తిరిగాడు. "ఇంగ నాకు దిగుల్లేదప్పా. ఆడించుకో."

ఆళ్లగడ్డ వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఐదుగురూ చాప మీదే ఉండిపోయారు. ఎవరో భోజనానికి విస్తర్లు వేయమన్నారు. సుబ్బరాయుడు పళ్లెం కింద పెట్టి, వరండా చివరికి పోయి, గోడ వైపు తిరిగి చాలాసేపు చెప్పులు వెతుక్కున్నాడు. చెప్పులు అతని కాళ్లకే ఉన్నాయి.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నా అభిప్రాయం ఒకటి చెబుతాను. తర్వాత ఎన్నో జట్లకు కెప్టెన్లను ఎంచే చోట కూచున్నాను. ఆట ఎవరికి బాగా వచ్చు, ఎవరి మాట నలుగురూ వింటారు అని చాలా చర్చలు చేశాం. నేను మాత్రం మనసులో ఒక్కటే చూసుకునేవాణ్ణి. ఈ మనిషి తనకు బాగా కావాల్సినవాడి ముందు నుంచి పళ్లెం పట్టుకుని దాటి పోగలడా? పోయాక చెప్పులు వెతుక్కుంటాడా? మొదటిది లేనివాడు కెప్టెను కాలేడు. రెండోది లేనివాడి కింద ఆడటం నాకు ఇష్టం ఉండదు.

గట్టు మీద

మరునాడు కర్నూలు బస్సులో ఓబుల రెడ్డి కూడా మాతో ఎక్కాడు. మ్యాచి అయ్యాక అక్కడే ఆగి పెద్దాసుపత్రిలో కళ్లు చూపించుకోవడానికి లక్ష్మమ్మ గారు చివరికి ఒప్పించారు. మైదానంలో నా పక్కన, గట్టు మీద తుండు పరుచుకుని కూచున్నాడు. ప్రతి బంతికీ ఏమైందని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. మొదట్లో కొంచెం తియ్యగా చెప్పాను. మనవాడు బాగా ఆపాడు, త్రుటిలో తప్పింది, అట్లా. ఆయన తల పక్కకు తిప్పి విన్నాడు.

మధ్యాహ్నం గుమాస్తా కెప్టెను బ్యాటుకు బంతి అంచు తగిలి స్లిప్ వైపు పోయింది. మైదానమంతా ఒక్కసారి అరిచింది.

"పట్టినాడా?" అన్నాడు ఓబుల రెడ్డి.

"లేదు. వదిలేశాడు," అన్నాను.

"ఎవరు?"

"మన కెప్టెనే. చేతిలో పడ్డ బంతి."

ఆయన పంచె సర్దుకుని, హాయిగా వెనక్కి వాలాడు.

"ఆ. ఇట్ల చెప్పు సారూ," అన్నాడు. "ఇప్పుడు కనపడతాండాది."